పదో తరగతి తర్వాత ఏ గ్రూపు?

పదో తరగతి ఫలితాలు రాగానే ఇంటింటా ఒకటే చర్చ: ఎంపీసీయా, బైపీసీయా? ముందు మీ అమ్మాయో అబ్బాయో ఏం కావాలనుకుంటున్నారో అడగండి. దానికి ఏ సబ్జెక్టు తప్పనిసరో చూడండి. నీట్ రాయాలంటే జీవశాస్త్రం ఉండాల్సిందే. ఇంజనీరింగ్‌కు గణితం కావాలి. బీఫార్మసీకి మాత్రం రెండు గ్రూపుల వాళ్లూ వెళ్లొచ్చు. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు. సీఏ ఫౌండేషన్‌కు, అయిదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా పర్వాలేదు. ఇంటర్ వద్దనుకుంటే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. డిప్లొమా చేతికొచ్చాక ఈసెట్ రాస్తే నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలోకే ప్రవేశం. పక్కింటి పిల్లాడు చేరాడని మనవాణ్ణీ అదే గ్రూపులో చేర్చడం శుద్ధ దండగ. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.