నదిని కొలుచువారు – వారి విద్య, వృత్తి



గోదావరికి వరద వచ్చినప్పుడెల్ల భద్రాచలము వద్ద నీటిమట్టమెంత యని మనమందఱము అడుగుచుందుము. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ అంకెలు తీరవాసులకు కంఠస్థములు. కాని ఆ మట్టమును చూచి చెప్పువాడెవడు? అతడేమి చదివినాడు? నేడు అతనిని గుఱించి నాలుగు మాటలు మనవిచేసెదను.

నదులను కొలుచు పని ముఖ్యముగా కేంద్ర జలసంఘముది. ఇది 1945లో ఏర్పడిన ప్రభుత్వసంస్థ. పెద్ద నదుల వెంబడి దీనికి కొలతకేంద్రములు గలవు. అచ్చట ఒడ్డున కొలతగీతలు గల స్తంభములను నాటియుందురు. ప్రతిదినము ఉదయము 8 గంటలకు మట్టము చూచి వ్రాయుదురు. వరదదినములలో గంటగంటకును చూడవలెను. రాత్రియనియు వానయనియు వంక చెప్పుటకు వీలులేదు.

అయితే మట్టము తెలిసినంతమాత్రమున ఎంత నీరు పోవుచున్నదో తెలియదు. అందుకై నదిని అడ్డముగా అనేక భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున లోతు కొలిచి, నీటిలోనికి చిన్న చక్రముగల యంత్రమును దించుదురు. చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించిన వేగము తెలియును. ఉపరితలమునుండి లోతులో పదింట ఆఱుపాళ్ల కడ కొలుచుట వాడుక. ఏలయన అచ్చటి వేగము పైనుండి అడుగువఱకు గల సగటు వేగమునకు ఇంచుమించు సమానము. వెడల్పును, లోతును, వేగమును గుణించి, భాగములన్నిటిని కూడిన ప్రవాహపు మొత్తము వచ్చును. కాలువలో నీరు చూచి మన రైతు కంటితో వేయు అంచనాయే ఇది. వారు యంత్రముతో నిగ్గుతేల్చెదరు. ఇప్పుడు ధ్వనితరంగములతో కొలుచు పరికరములును వచ్చినవి.

ఈ వృత్తికి దారి దుర్గమము కాదు. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్కులో మూడేండ్లు సివిల్ ఇంజనీరింగు డిప్లొమా చదివి, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారు జరుపు జూనియర్ ఇంజనీరు పరీక్షలో కృతార్థులైనవారు జలసంఘమున చేరవచ్చును. గణితము, జలప్రవాహశాస్త్రము బాగుగా వచ్చియుండవలెను.

కాని ఏ పరీక్షయు పరీక్షింపలేని గుణమొకటి దీనికి ముఖ్యము. పొలము మొగము చూడక, అరుగుమీద కూర్చుండి అడంగలు వ్రాసినవారిని మీరెఱుగుదురు. నదికడ అట్లు చేసిన నేమగును? 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కినది. అట్టి రాత్రులలో ఏ గ్రామమును ఖాళీచేయింపవలెనో నిర్ణయించుటకు ఆధారము ఈ అంకెయే. తక్కువ వ్రాసిన, నిద్రించువారు మునిగెదరు. ఎక్కువ వ్రాసిన, మఱునాటి హెచ్చరికను ఎవ్వరును నమ్మరు. రాబోవు వంతెనలకును, కరకట్టలకును ఈ పుస్తకములోని లెక్కలే పునాది. ఒకనాటి అబద్ధము అందులో ఏండ్ల తరబడి నిలిచియుండును.

లెక్కకట్టుట పాఠశాల నేర్పును. చూడనిదానిని చూచితినని వ్రాయకుండుట ఇల్లును, ఊరును నేర్పవలెను. కాబట్టి మీ గ్రామమున లెక్కలయందు నేర్పును, కల్లలాడుటకు వెఱపును గల బాలుడుగాని బాలికగాని యున్నయెడల, ఈ చదువు మాట వారి తలిదండ్రుల చెవిని వేయుడు. ఆ బిడ్డ నిజముగా చూచి వ్రాసిన అంకె ఒకనాడు మన యూరినే కాపాడవచ్చును.

సెలవు.