సెట్టయిందా, కుదిరిందా?



ఇవాళ ఒకే ఒక్క మాట గురించి నాలుగు కబుర్లు చెప్పుకుందాం. మూడే మూడు ఇంగ్లీషు అక్షరాలు. సెట్. మన నోట్లో పడి అది సెట్టయింది. రేడియోని కూడా మన పెద్దవాళ్ళు సెట్టనే అనేవారు. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలైన రోజుల్లో, మా రావికమతం లాంటి ఊళ్ళలో సెట్టున్న ఇల్లంటే సాయంత్రానికి అరుగు నిండిపోయేదట. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి కూడాను. 1980లలో ఆ లైసెన్సు పోయింది. ఇప్పుడు సెట్టే లేకుండా ఫోనులో వింటున్నాం, అది వేరే సంగతి.

మీ ఇంట్లోనే ఒకసారి చూడండి. కప్పులూ సాసర్లూ కలిస్తే టీ సెట్టు. కుర్చీలు మెత్తబడితే సోఫా సెట్టు. పెళ్ళివారు "అమ్మాయికి సెట్టు పెడుతున్నారా?" అన్నారంటే అది కప్పులూ సాసర్లూ కాదు, నెక్లెసూ కమ్మలూ! గుండె గుభేలుమనే సెట్టు అదొక్కటే. అదే మాట పొలం గట్టు మీద వినబడితే మోటారూ పంపూ కలిసిన పంపుసెట్టు. మాకు దగ్గర్లోనే కల్యాణపులోవ జలాశయం ఉన్నా, కాలవ నీరందని చేనుకు ఆ సెట్టే దిక్కు. ఆస్పత్రిలో నర్సమ్మ "సెట్టు తెండి" అంటే సెలైను ఎక్కించే గొట్టం. బెంగుళూరు వైపు హోటల్లో సెట్ దోసె అడిగితే మెత్తటి దోసెలు రెండో మూడో ఒకదానిమీదొకటి పేర్చి తెస్తారు. సినిమావాళ్ళది మరో సెట్టు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ద్వారకా నగరాన్ని చిన్న చిన్న బొమ్మ ఇళ్ళతో కట్టి చూపించారు. అదీ సెట్టే. పిల్లల లెక్కల పుస్తకంలో ఇదే మాట సమితి అయి కూర్చుంది.

ఎంసెట్టు, ఐసెట్టు, పాలిసెట్టు అంటారే, అవి మాత్రం ఈ సెట్టు కాదు సుమండీ. అది ప్రవేశపరీక్షకున్న ఇంగ్లీషు పేరులోంచి మూడు పొడి అక్షరాలు తీసి అతికించింది. పరీక్ష హాల్లో ఇచ్చే ఏ సెట్టు, బీ సెట్టు ప్రశ్నపత్రాలు మళ్ళీ మన సెట్టే.

ఇంగ్లీషువాళ్ళకీ దీంతో తిప్పలే. 1989లో ఆక్స్‌ఫర్డు పెద్ద నిఘంటువు రెండో కూర్పు ఇరవై సంపుటాలుగా వచ్చినప్పుడు, అందులో అన్నిటికన్నా చోటు మింగిన మాట ఇదేనట. అర్థాలు నాలుగు వందల పైచిలుకు. ఇప్పుడు కొత్త కూర్పు పనిలో రన్ అనే మాట దీన్ని దాటిపోయిందంటున్నారు. అసలు ఇది ఒక మాట కాదు, రెండు మాటలు ఒకే వేషం వేసుకున్నాయి. ఒకటి పాత ఇంగ్లీషులోది. దానికి అర్థం కూర్చోబెట్టటం. రెండోది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, గుంపు అని దాని భావం. టీ సెట్టూ నెక్లెసు సెట్టూ గుంపు జాతి. గడియారం సెట్ చేయటం, సిమెంటు సెట్ కావటం కూర్చోబెట్టే జాతి. ఇలా విడదీసుకుంటే గందరగోళం సగం తగ్గుతుంది.

ఈ కూర్చోబెట్టే సెట్టుకి మనకి తెలుగులో మాట లేదా? ఎందుకు లేదూ! కుదురు. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టకుదురు మీలో చాలామందికి తెలుసు. దానిమీద కుండ కూర్చున్నట్టే, పిల్లాడు కుదురుగా కూర్చుంటాడు. బేరం కుదురుతుంది. సంబంధం కుదురుతుంది. పులుసు కుదురుతుంది. జ్వరం కుదురుతుంది, అంటే తగ్గుతుంది. పాలికాపుని కుదుర్చుకుంటాం. వరి మొక్కల దుబ్బుని కూడా కుదురే అంటారు. ఒక్క చిన్న చుట్ట ఎంత సంసారం మోసిందో చూశారా! ఇప్పుడు వీటిలో సగం చోట్ల సెట్టు వచ్చి కూర్చుంది. సంబంధం సెట్టయింది, బేరం సెట్టయింది. పులుసు మాత్రం ఇంకా కుదురుతూనే ఉంది, అదృష్టం. మా అనకాపల్లి బెల్లం పాకానికి కూడా సెట్టుతో పనిలేదు. అది ఎప్పట్లాగే గడ్డకట్టి దిమ్మవుతోంది.

మాట వచ్చినందుకు నాకు కోపమేమీ లేదు. బస్సుని బస్సనక ఏమంటాం? నా కంప్లయింటల్లా "నీకది సెట్ కాదు" అన్న ఒక్క వాక్యం మీదే. మొదట్లో అది చీర రంగు మీద అనేవారు. నప్పదు అనటానికి బదులు. సరే, ఇంకో చీర తీస్తాం. తర్వాత అది చీర దిగి పిల్ల చదువు మీదికీ ఉద్యోగం మీదికీ ఎక్కింది. చీరని తిప్పి చూసుకోవచ్చు. చదువుని ఎలా తిప్పి చూస్తాం?

మా వీధిలో ఒకమ్మాయి పదో తరగతి పాసై పాలిసెట్టు రాసింది. మంచి ర్యాంకే వచ్చింది. ఎలక్ట్రికల్ తీసుకుంటానంది. మేనమావ వచ్చి, "ఆడపిల్లకి ఎలక్ట్రికల్ సెట్టవ్వదమ్మా" అని తేల్చేశాడు. నాన్న తల దించుకున్నాడు. అమ్మలు లోపలికెళ్ళి గోడకి తిరిగి కూర్చుంది. తల్లి ఎక్కువ చదువుకోలేదు. ఆవిడ మటుకు వదల్లేదు. "ఏటి సెట్టవ్వదు అన్నియ్యా? ఫీజా, దూరమా, తెలివా?" అని ఒక్కొక్కటే అడిగింది.

తెలివి అన్న మాటకి ఆయన లేదు లేదన్నాడు. ఫీజూ కాదన్నాడు. చివరికి బయటపడింది ఏమిటంటే, ప్రాక్టికల్సు అయ్యేసరికి సాయంత్రమవుతుంది, బస్సు దిగి ఇంటికొచ్చే దారిలో దీపాలు లేవు. అంతే. అది పిల్ల చదువుకి సంబంధించిన చిక్కా, వీధి దీపానికి సంబంధించిన చిక్కా, మీరే చెప్పండి. మొదట్లో తండ్రి రోజూ బస్సు దగ్గరికి ఎదురెళ్ళాడు. పంచాయతీకి అర్జీ పెట్టారు, కొన్నాళ్ళకి రెండు దీపాలు వెలిగాయి. ఆ దారినే మరో ఇద్దరు పిల్లలు కూడా కాలేజీకి వెళ్ళొస్తున్నారిప్పుడు. మేనమావ పండక్కి వచ్చినప్పుడు ఇంట్లో పాడైపోయిన స్విచ్చి బోర్డు ఆ పిల్ల చేతే బాగు చేయించుకున్నాడట. దాని గురించి ఆయనేమీ అనలేదని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది.

సంబంధాల విషయంలోనూ ఇదే వరస. "ఎందుకు వదిలేశారు వదినా?" అంటే "సెట్ కాలేదు". కట్నమడిగారా? పిల్ల ఇష్టపడలేదా? జాతకమా? అన్నీ ఆ మూడక్షరాల కిందే చాప కింద దుమ్ములా పోతున్నాయి. 1961 నుంచీ కట్నం నేరమని చట్టముంది. నేరమైనదాన్ని నోటితో అనలేక "సెట్ కాలేదు" అంటున్నారేమోనని నాకు అనుమానం. ఈసారి మీ చుట్టాల్లో ఎవరైనా అలా అంటే, కాస్త పక్కకి పిలిచి, "ఏం కుదరలేదు పిన్నీ?" అని అడిగి చూడండి. పిన్ని చెప్పే జవాబు నాకూ ఒక కార్డు ముక్క మీద రాయండి. పేర్లొద్దు.

సెలవు.