పంచాయతీ కంప్యూటరునకు కొత్త వ్యవస్థ
(యాప్రాల్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

ఈ యాప్రాల్ ఒకప్పుడు పల్లె. నేడు హైదరాబాదు నగరమున కలిసిపోయినది. ఇచట కంప్యూటరు మొరాయించినచో బాగుచేయువారు గడియలో వత్తురు. మీ యూళ్లలో ఆ సదుపాయము లేదు. కావుననే ఈ విషయమును ముందుగా మీకు తెలుపుచున్నాము.

మీ కార్యాలయపు కంప్యూటరు విండోస్ 10 తో నడుచుచున్నదా? 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చు సాధారణ మద్దతు ముగిసినది. యంత్రము ఆగిపోదు, ఎప్పటివలెనే పనిచేయును. అందుచేతనే ప్రమాదము కంటబడదు. గడియ విరిగిన సంగతి దొంగకు తెలిసి ఇంటివారికి తెలియకపోవుట వంటిదిది. సంస్థలు రుసుము చెల్లించి 2028 అక్టోబరు వరకు భద్రతా సవరణలు పొందవచ్చును. విండోస్ 11 వేయుదమన్న, టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటు లేని పాత యంత్రములను అది అంగీకరింపదు.

అట్టి యంత్రమును పారవేయనక్కరలేదు. లినక్స్ అను ఉచిత వ్యవస్థ కలదు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని ఆరంభించెను. మన దేశమున సీ-డాక్ సంస్థ ‘బాస్’ లినక్సును రూపొందించినది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్సునకై కృషి చేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి లినక్సునే వాడుచున్నారు. పిల్లలకు వచ్చినది పెద్దలకు రాకపోదు.

అయితే ఉచితమను మాట విని ఒక్క సాయంత్రములో పాతదానిని తుడిచివేయరాదు. మొదట పెన్‌డ్రైవు నుండి లినక్సును నడిపి చూడవచ్చును. ‘ఇన్‌స్టాల్’ మీట నొక్కనంతవరకు లోపలి పాత వ్యవస్థ అట్లే యుండును. ప్రింటరు, స్కానరు, ఇంటర్నెట్టు పనిచేయునో లేదో ఆ పూటనే తేలిపోవును.

పాత తీర్మానముల సంగతి మరువరాదు. అను ఫాంట్లతో టైపు చేసిన ఫైళ్లు, ఆ ఫాంట్లు లేనిచోట అర్థములేని గుర్తులుగా కనబడును. వానిని యూనికోడ్‌లోనికి మార్చి, పేర్లను, అంకెలను కాగితపు ప్రతితో సరిచూడవలెను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటైనవారికి మాత్రము కొత్తగా నేర్వవలసినది స్వల్పము.

అసలు చిక్కు డిజిటల్ సంతకముతో వచ్చును. ఈ-గ్రామస్వరాజ్ బ్రౌజరులో తెరచుకొనును గనుక అంతయు సరిపోయినదని తోచును. చెల్లింపునకు సంతకపు టోకెను పెట్టినప్పుడు గదా తెలియుట! టోకెనును గుర్తించుటకు విండోసున వేసిన సాఫ్టువేరు లినక్సున పనికిరాదు; లినక్సునకు తగినది వేరుగా తెచ్చుకొనవలెను. అది దొరకకున్న, మంచినీటి మోటారు మరమ్మతు బిల్లు సైతము నిలిచిపోవును. మా దృష్టిలో మేలైన మార్గమేమన, సంతకములకు భద్రతా సవరణలు అందుచున్న విండోస్ యంత్రమొకటి యుంచుకొని, పాత యంత్రమును లినక్సుతో ఉత్తరములకు, జాబితాలకు వాడుకొనుట.

మార్పునకు పూర్వము ఫైళ్లన్నిటిని రెండుచోట్ల ప్రతి తీయించి, ఒకదానిని బీరువాలో నుంచుడు. వచ్చు సమావేశమున కార్యదర్శిగారిని రెండు ప్రశ్నలడిగి, జవాబులను మినిట్సు పుస్తకమున వ్రాయించుడు: మన యంత్రమున నున్నది ఏ వ్యవస్థ? మన టోకెనునకు లినక్స్ సాఫ్టువేరు కలదా?