అమరావతి ప్రదర్శనశాల
(పఠనమందిరమున న్యాయవాది యొకరు గావించిన యుపన్యాసము)



గడచిన సభలో మనమొక తీర్మానము చేసితిమి. లండనులోని అమరావతి శిల్పములను మనకు తిరిగి యిప్పింపవలెనని దాని సారాంశము. ప్రతిపాదించినవాడను నేనే. సభ ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నాయొద్దకు వచ్చి, "అయ్యా, అమరావతిలో మిగిలినవానిని తాము చూచితిరా?" అని యడిగెను. అమరేశ్వరుని దర్శనమునకు పలుమారులు పోయితినిగాని, అచ్చటి ప్రదర్శనశాల గడప త్రొక్కి యెరుగను. చూడనిదానికి సాక్ష్యమిచ్చువానిని న్యాయస్థానములో నేనెంత హేళన చేయుదునో మీలో పెక్కురెరుగుదురు. ఆ ఆదివారమే బయలుదేరితిని.

ప్రదర్శనశాల చిన్నది. స్తూపము పూర్వమెట్లుండెనో చూపు నమూనా యచ్చట కలదు. దానిని నిదానముగ చూచి, పిదప స్తూపస్థలమునకు నడువుడు. సుమారు 50 మీటర్ల అడ్డుకొలత గల కట్టడమునకు నేడు మిగిలినది గుండ్రని పునాదిదిబ్బ. శాలలో నిలుచున్న బుద్ధవిగ్రహములు, విచ్చిన పద్మముల చెక్కడములు, విరిగిన ప్రాకారపు రాళ్లు కలవు. పేరెన్నికగన్న శిల్పములు పెక్కులు తరలిపోయినవి. మదించిన నాళగిరి వీధిలో జనులపై బడుట, మేడలపైనివారు భీతితో చూచుట, అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లుట, ఇవన్నియు ఒకే వలయమున చెక్కిన ఫలకము చెన్నపట్టణపు ఎగ్మూరులో నున్నది.

ఇవి యెట్లు చెల్లాచెదరయ్యెను? దొరలు దోచిరని నేనును ఒక్కమాటలో చెప్పుచుంటిని. చదివినకొలది వ్యాజ్యము చిక్కుపడినది. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించునపుడు, ఆ దిబ్బ యిటుకలును రాళ్లును కట్టడములకు పోయినవి. కాలిన్ మెకంజీ 1798లో చూచిన దిబ్బ, 1816లో మరల వచ్చునప్పటికి నడుమ చెరువైయుండెను. మనము చలువరాళ్లనుకొనునవి నిజమునకు పల్నాటి సున్నపురాళ్లు, కాల్చిన సున్నమగును. అట్లెన్ని శిల్పములు మన గోడలకు పూతయైపోయెనో! మెకంజీ వ్రాయించిన చిత్తరువులలో కొన్నిటికి నేడు మూలశిల్పములే కానరావు.

అంతమాత్రమున ప్రతివాది నిర్దోషి కాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు 1859లో ఓడయెక్కెను. లండనులో వానికి దొరకిన మర్యాద యేమి? 1867లో ఫెర్గూసన్ పండితుడు వానిని ఒక బండ్లసాలలో కనుగొనెను! 1880లోగాని బ్రిటిషు మ్యూజియము చేరలేదు. కాపాడుటకే కొనిపోతిమను వాదము ఈ యొక్క సంగతితో సగము కూలును. సొత్తు విడుచుటకు 1963 నాటి చట్టము అడ్డని వారు చెప్పుదురు. ఆ చట్టము చేసినది వారి పార్లమెంటే గదా.

శాసనములను గూర్చి యొకమాట. అమరావతి దాతలలో విధికుడను చర్మకారుడు గలడు. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో గూడి పూర్ణఘటఫలకమును సమర్పించినట్లు ప్రాకృతమున చెక్కబడినది. రాజుల పేరులు వల్లించు మనకు ఈతని పేరు బడిలో నెవ్వరును చెప్పలేదు. చెప్పులు కుట్టువారిని మొన్నమొన్నటివరకు ఆలయపు గడప దాటనీయని మనము, ఈ శాసనమును చదివి కొంతసేపు తలవంచుకొనవలసినదే.

ఇల్లు చేరినపిదప మా నూతియొద్ద బట్టలుతుకు బండను తిరుగవేయించితిని. ముప్పదియేండ్లుగా దానిపై నీళ్లు పోసికొంటిని. క్రిందివైపున సగము పద్మము, ఐదు రేకులు! పురావస్తుశాఖవారికి వ్రాసి, బండను చావడిలోనికి చేర్పించితిని. మా యింటిలో ఉతుకుటకు మరియొక రాయి వచ్చువరకు నాకు చీవాట్లు తప్పలేదు.

నా తీర్మానమును నేను ఉపసంహరించుకొనుట లేదు. దానికి రెండవ భాగమొకటి చేర్పగోరుచున్నాను: మన చుట్టుపట్ల గ్రామములలో నూతులకడ, గట్లపై, పెరళ్లలో పడియున్న చెక్కడపు రాళ్లకు ఈ పఠనమందిరమువారు పట్టిక వ్రాయవలెను. వ్రాయబోవువారు ముందు అమరావతి చూచుట మేలు. వచ్చే ఆదివారము ఉదయము ఆరుగంటలకు ఇచ్చటనుండి బయలుదేరుదము. శుక్రవారము శాలకు సెలవు. విడిగా పోవువారు గుర్తుంచుకొనుడు. ఆ విద్యార్థిని నేనే పిలిచితిని.