‘ఎవ్వరికిని తెలియదు’ – ఒక జపాను చలనచిత్రము



తల్లి విడిచిన బిడ్డల కథలు మన వాఙ్మయమునకు క్రొత్తవి కావు. మేనక విడిచిన పసికందును శకుంతములు కాచినవి, కణ్వమహర్షి పెంచెను. కుంతి నదిలో విడిచిన కర్ణుని రాధ యక్కున జేర్చుకొనెను. ఆ కథలలో శిశువునకు వేరొక యొడి దొరకినది. దొరకనిచో నేమగును? ఈ ప్రశ్ననే హిరొకజు కొరెఎద యను జపాను దర్శకుడు 2004లో వెలువరించిన ‘దారె మో షిరనై’ యను చిత్రమున వేసినాడు. ‘ఎవ్వరికిని తెలియదు’ అని దాని యర్థము. 1988లో టోక్యో నగరమున బయటపడిన యథార్థ సంఘటన దీనికి మూలము. వివరములు మాత్రము కల్పితములు.

ఒక తల్లికి నలుగురు బిడ్డలు. తండ్రులు వేరు వేరు. పెద్దవాడు అకిరాకు పండ్రెండేండ్లు. ఇంటివారికి తెలియకుండ చిన్నవారి నిద్దరిని ప్రయాణపు పెట్టెలలో నుంచి అద్దె యింటికి చేర్చుదురు. అకిరా తప్ప నెవ్వరును వీథిలోనికి రారాదు. బడి యెవ్వరికిని లేదు. కొన్నాళ్లకు తల్లి కొంత సొమ్మును, ఒక చీటిని విడిచి వెడలిపోవును. ఒకమారు కానుకలతో వచ్చి, క్రిస్మసు పండుగకు వత్తునని చెప్పి మరల పోవును, రాదు.

ఆమె రాక్షసి కాదు. బిడ్డలను నవ్వించును, ముద్దాడును. తనకు మాత్రము సుఖపడు హక్కు లేదా యని కొడుకునే యడుగును. ఈ చిత్రములోని కఠినసత్య మిదియే: ప్రేమ యుండియు బాధ్యత లేకున్నచో బిడ్డ కడుపు నిండదు.

సొమ్ము తరుగును. దీపములు ఆరును, కొళాయి నిలుచును. పిల్లలు ఉద్యానములోని కొళాయినుండి నీరు మోసికొందురు. అంగడిలో పనిచేయు యువకుడు మిగిలిన యన్న మిచ్చును. అధికారులకు చెప్పినచో నలుగురిని విడదీయుదురను భయమున అకిరా నోరు మెదపడు. కడపట చిన్న చెల్లెలు యూకి యెత్తుపీటనుండి పడి మరణించును. ఆమెను విమానములు చూపింతునని మాట యిచ్చిన యన్న, హనేదా విమానాశ్రయము చెంత రాత్రివేళ నామెను పూడ్చి ఆ మాట చెల్లించుకొనును.

చిత్రీకరణము సుమారు ఒక సంవత్సరము సాగినది. కావున అకిరా పాత్రధారి యూయా యాగిరా యెత్తు పెరుగుటయు, కంఠము మారుటయు తెరపైననే కనబడును. పదునాలుగేండ్ల ఆ బాలునికి 2004 కాన్ చిత్రోత్సవమున ఉత్తమనటుడను బహుమానము లభించినది. అకిరా పెద్దవాడగుట వయసుచే గాదు, బరువుచే.

చిత్రనామమును మరల విచారింపవలెను. ఎవ్వరికిని తెలియదనుట పూర్తిగా నిజమా? ఇంటి యజమానురాలు తలుపు తీసి చూచినది. అంగడివాడు మాసిన బట్టలను చూచినాడు. ఒక్కొక్కరికి కొంత కొంత తెలియును. ఆ కొంతలను కూడిక వేసినవారు లేరు.

గ్రంథాలయమునకు వచ్చు బాలుర పేర్లు పట్టికలో నుండును. రాని బాలుని పేరు ఏ పట్టికయు చెప్పదు. దానిని పొరుగువారే చెప్పవలెను. పోయి తలుపు తట్టవలెను.