మధ్యాహ్నపు కరెంటు రాత్రికి నిలవాలంటే



సౌరశక్తి అనగానే మన మాటలు పలకల దగ్గర మొదలై పలకల దగ్గరే ఆగిపోతాయి. వాటి సంగతి చాలావరకు తేలిపోయింది. కర్నూలు పక్కన గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీదనే 100 మెగావాట్ల పలకలు పరిచింది. ఇంకా తేలనిది సాయంత్రం సంగతి. పొద్దు వాలగానే పలకలు చేతులెత్తేస్తాయి. సరిగ్గా అప్పుడే ఊళ్లకు ఊళ్లు లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు వేసుకుంటాయి. అందుకే ఈరోజు కరెంటు పుట్టించడం గురించి కాక, దాచడం గురించి మాట్లాడతాను.

మిగులు కరెంటుతో నీళ్లను పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ అన్న మాట ఇప్పుడు కొత్తగా వినిపిస్తోంది గానీ, ఆ యంత్రాలు మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే ఏడు రివర్సిబుల్‌వే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లూ అంతే. ఒకవైపు తిరిగితే టర్బైను, రెండోవైపు తిరిగితే పంపు. అంత మంచి యంత్రాలుండీ సాగర్‌లో వాటిని ఏళ్ల తరబడి పంపులుగా వాడుకోలేకపోయాం. కరెంటు తీసి వదిలిన నీళ్లు కింద నిలబడితేనే కదా తిరిగి తోడేది! ఆ నీళ్లను ఆపే టెయిల్‌పాండ్ ఆనకట్ట సత్రసాల దగ్గరికి రావడానికి దశాబ్దాలు పట్టింది. శ్రీశైలంలోనూ సాగర్ వెనుక నీళ్లు అంతదూరం ఎగదన్ని ఉంటేనే పంపింగ్ సాగుతుంది. యంత్రం కొనేటప్పుడు ఉన్న శ్రద్ధ కింది చెరువు మీద లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ పథకాన్ని నేను గట్టిగా మెచ్చుకునేది ఇందుకే. 2022 మేలో శంకుస్థాపన జరిగింది. దాని పంప్డ్ స్టోరేజీ సామర్థ్యం 1,680 మెగావాట్లు. దాన్ని నదికి అడ్డంగా కట్టలేదు. పైన ఒక జలాశయం, కింద ఒకటి. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి తెచ్చి నింపిన నీళ్లే ఎండవేళ పైకెక్కి, చీకటిపడ్డాక కిందికి దిగుతాయి. ఆ తర్వాత ఆవిరైనంత మేరకు భర్తీ చేస్తే చాలు. ఎక్కించడానికి నూరు యూనిట్లు ఖర్చుపెడితే దిగేటప్పుడు డెబ్బై అయిదు నుంచి ఎనభై దాకా తిరిగొస్తాయి.

విద్యార్థులు ఒక లెక్క వేసి చూడండి. మిద్దె మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకును వంద మీటర్ల కొండెక్కించి, ఆ నీళ్లన్నీ కిందికి వదిలితే వచ్చేది పావు యూనిట్‌కు కాస్త ఎక్కువ, అంతే. ఒక యూనిట్ దాచడానికి అదే ఎత్తుకు మూడున్నర టన్నులకు పైగా నీళ్లు మోయాలి. అదే ఒక యూనిట్‌ను లిథియం బ్యాటరీ పది కిలోల బరువులో ఇముడ్చుకుంటుంది. సెకను లోపే గ్రిడ్‌కు అందిస్తుంది. అయితే బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది, జలాశయం రెండు తరాలు నిలుస్తుంది. సబ్‌స్టేషన్ పక్కన, రెండు మూడు గంటల పీక్ లోడ్‌కు బ్యాటరీ. రాత్రి పొడుగునా కావలసిన భారీ సరఫరాకు కొండ. ఒకటి వస్తే రెండోది అక్కర్లేదనే వాదనతో నేను ఏకీభవించను.

అసలు కరెంటును కరెంటుగానే దాచాలని లేదు. ఫిన్లాండ్‌లో కంకాన్‌పా అనే ఊళ్లో 2022లో మిగులు కరెంటుతో ఇసుకను కాచి, ఆ వేడిని ఇళ్లకు పంపే ఏర్పాటు చేశారు. మనకు కావలసింది చల్లదనం. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి. మధ్యాహ్నం కంప్రెసర్లు గట్టిగా నడిపి మంచుగడ్డ కట్టించి, సాయంత్రం మూడు నాలుగు గంటలు ఆ చలువతోనే నెట్టుకొచ్చే పద్ధతి అక్కడ ఎందుకు పెట్టకూడదు? వ్యవసాయ ఫీడర్లకు పగటిపూట సరఫరా ఇవ్వడం కూడా ఈ కోవలోదే. రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో రైతు టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతో గట్ల మీద నడిచి మోటారు వేసేవాడు. ఎండ ఉన్నప్పుడే బోరు నడిస్తే అతనికి ఆ గండం తప్పుతుంది, మనకు అంత కరెంటు దాచే పనీ తప్పుతుంది.

ఇక కొండల విషయం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పంప్డ్ స్టోరేజీ పథకాలు ప్రతిపాదించినచోట ఆదివాసీలు అడ్డుచెబుతున్నారు. మన డ్రాయింగులో ‘ఎగువ జలాశయం’ అని గీసినచోట వాళ్ల కాఫీ తోటా, ఊటనీరూ ఉండవచ్చు. అటవీ హక్కుల చట్టం 2006 నుంచి ఉంది, ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభ మాటకు విలువిచ్చే పీసా చట్టం అంతకన్నా పదేళ్ల ముందుది. టెండరు పిలిచాక గ్రామసభ పెట్టడం తిరకాసు పని. సర్వే రాయి పాతకముందే ఆ ఊరికి వెళ్లి, ఎంత నేల మునుగుతుందో, వాగు ఎటు మళ్లుతుందో వాళ్ల భాషలో చెప్పాలి. వద్దంటే ఇంకో కొండ చూసుకోవాలి. ఆ సర్వేలకు రేపు వెళ్లేది ఈ హాల్లో ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలే గనుక ఈ మాట మీకే చెబుతున్నాను.