మిగులున్న పేద

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం మొదటి నుంచీ డబ్బుకు కటకటలాడింది. పక్కనున్న హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ చదువులోనూ కాలువ నీటిలోనూ ఎంతో వెనుక. అయినా దాని ఖజానాలో మిగులు ఉండేది. వెనుకబడిన ప్రాంతం ఆ మిగులుతో పొరుగువారి లోటు పూడ్చగలదా అన్నదే నాటి హైదరాబాదు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు స్మృతిలో సాగే ఈ ప్రసంగానికి విషయం.

దేశాల మధ్యా ఆ ఏళ్లలో ఇదే ప్రశ్న ఉంది. 1956 ఆగస్టులో అమెరికాతో పి.ఎల్. 480 ఆహార సాయం కింద గోధుమల ఒప్పందం చేసుకున్న భారతదేశమే నేపాల్‌కు త్రిభువన్ రాజపథం వేసింది. 1961లో మొదలైన భూటాన్ తొలి ప్రణాళిక ఖర్చంతా భరించింది. అయితే ఢిల్లీ తాను ఇస్తున్నానని తెలిసి ఇచ్చింది. తెలంగాణ సంగతి వేరు.

ఈ మిగులు ఎక్కడిది? భూమి శిస్తు భారం ఎక్కువ కావడం, ఆబ్కారీ మీద ఏటా దాదాపు రూ.5 కోట్లు రావడం కారణాలని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ సంఘం 1955లోనే చెప్పింది. నాటి నల్గొండ జిల్లా తిరుమలగిరి లాంటి మెట్ట ఊళ్లలో ఆ మాటకు అర్థం తాటివనం. కరువు ఏట చేను బీడుపడినా తాడు గీతకు అందుతుంది. గీసే ప్రతి చెట్టుకూ ‘చెట్టు రకం’ అనే పన్ను కట్టాల్సి వచ్చేది, దుకాణానికి వేలం పాట పాడాల్సి వచ్చేది. పాటదారు ఆ భారాన్ని లొట్టి కల్లు ధరలో కలిపేవాడు. సాయంత్రం కూలి డబ్బుల్లో ఓ భాగం అలా సర్కారుకు చేరేది. ఆంధ్రలో మాత్రం మద్రాసు నుంచి వచ్చిన మద్యనిషేధం ఉంది. దాన్ని ఎత్తేయాలా వద్దా అన్న రగడలోనే 1954 నవంబరులో ముఖ్యమంత్రి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటుతో కూలింది. ఒకచోట నిషేధం, మరోచోట దాని లోటు పూడ్చగల కల్లు రాబడి: ఈ విచిత్రాన్ని చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదు.

విలీనానికి మొదట జంకిన బూర్గుల చివరికి 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఉమ్మడి పరిపాలన ఖర్చు రెండు ప్రాంతాలూ దామాషాలో భరించాలి, తెలంగాణ రాబడిలో మిగిలింది తెలంగాణకే వాడాలి అన్నది షరతు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. షరతు కాగితం మీదే మిగిలింది.

1969లో ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు వీధికెక్కాక లెక్క తీశారు. వాడకుండా మిగిలిన తెలంగాణ నిధులు రూ.34.10 కోట్లని ఆడిట్ అధికారి కుమార్ లలిత్, రూ.28.34 కోట్లని జస్టిస్ వశిష్ఠ భార్గవ సంఘం తేల్చారు. అప్పటి నుంచి పండితులది ఒకటే పంచాయితీ: లలిత్ లెక్క సరైనదా, భార్గవ లెక్కా? తేడా రూ.5.76 కోట్లు. దానికోసం రాసిన కాగితాలు బండ్లకెత్తాలి. ఇంకొందరైతే మిగులు ఉందంటే తెలంగాణ సంపన్నమేనని వాదిస్తారు. కానీ బడి కట్టకపోతే బడి ఖర్చు మిగులుతుంది. చెరువు కట్ట తెగినా పూడ్చకపోతే ఆ డబ్బూ మిగులుతుంది. ఖాతాలో అది ఆదాయంలాగే కనిపిస్తుంది. అసలు అడగాల్సింది ఎంత తరలిందని కాదు, ఏ పని ఆగినందుకు మిగిలిందని. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగింది, తిరుమలగిరి మెట్టకు ఎక్కలేదు. ఆ మెట్ట శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) రెండో దశ కోసం దశాబ్దాలు ఎదురుచూసింది. ఇవ్వగల స్థోమతను ఖజానాతో కొలిచేవారు ఈ ఎదురుచూపును ఏ పద్దులో రాస్తారు?

తరువాతి సంగతులను వివరించే వ్యవధి లేదు, క్లుప్తంగా చెబుతాను. 1973 నాటి ఆరు సూత్రాల పథకంతో తెలంగాణ ప్రాంతీయ సంఘం రద్దయింది. మిగులు లెక్క అడిగే చోటే పోయింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ పాత అంకెలను మళ్లీ తిరగేసింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 14వ ఆర్థిక సంఘం 2015–20కి ఆంధ్రప్రదేశ్‌కు రూ.22,113 కోట్ల రెవెన్యూ లోటు గ్రాంటు సిఫారసు చేసింది. మిగులు రాష్ట్రంగా లెక్కించిన తెలంగాణకు ఆ పద్దు కింద ఏమీ లేదు. ఈసారి లోటు పూడ్చే బాధ్యత పొరుగు మీద కాక కేంద్రం మీద పడింది.